బదనికల చలి కాపలా

తెర ఏడో ఏడు, పుష్య శుద్ధ పాడ్యమి
పొద్దుటి చలి: పదకొండు డిగ్రీలు. మొక్కలు: ముప్పై ఒకటి. కాయలు: ఏడు.

చిలకమ్మక్క రోజూ రాయమంది కాబట్టి రాస్తున్నాను. లేకపోతే ఈ యలమందకూ రాతకూ ఏం సంబంధం? ముప్పై రెండేళ్ళు నేను చేసింది ఒకటే పని, పాతర గుమ్మానికి వేలాడే గోనెపట్టాలను గంటకోసారి తడపడం. పైన యాభై మూడు డిగ్రీల ఎండ మండుతుంటే, నేల కింద గుహలా తవ్విన పాత నాపరాతి క్వారీ అడుగున మా ఊరంతా ఆ తడి గోనెల్లోంచి వచ్చే గాలితోనే బతికింది. ఆ క్వారీనే మేం పాతర అంటాం. తర్వాత సూర్యుడికి అడ్డంగా తెర కట్టారు. ఎండ తగ్గింది, మేం పైకొచ్చాం, నా ఉద్యోగం పోయింది. పోగొట్టినవాళ్ళకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

అయితే మాకు చల్లదనం తెచ్చిన ఆ తెర వల్లే ఉత్తరాన కొండలు గడ్డకట్టాయి. చిలకమ్మక్క ఊరు అక్కడే. కొండలవాళ్ళంతా సముద్రం వైపు దిగిపోతుంటే, ఈవిడ మాత్రం నాలుగేళ్ళ కిందట తట్టలో ముప్పై ఒక్క మొక్కలు పెట్టుకుని మా తుమ్మలబోడు వచ్చింది. అరుదైన విత్తనాలు దాచిపెట్టే విత్తనాల ఇంటి వాళ్ళు వాటిని ఆర్కిడ్లు అంటారు, ఆవిడ బదనికలు అంటుంది. వాటికి మట్టి అక్కర్లేదు, చెట్టు బెరడును పట్టుకుని గాల్లో బతుకుతాయి. వాగు గట్టున చావకుండా మిగిలిన ఐదు వేపచెట్లకు వాటిని కొబ్బరిపీచుతో కట్టి, "మీ సల్లదనం కోసమే కదా మా కొండ సచ్చింది. ఇవి మీరే సూడండి" అని వెళ్ళిపోయింది. వేళ్ళు ఇప్పుడు బెరడులోకి దిగిపోయాయి. పీకితే తెగుతాయి కాబట్టి ఇంట్లోకి తెచ్చుకునే దారి లేదు.

ఈ రకం ఇంకెక్కడా మిగల్లేదట. పోయిన ఎండాకాలం మొదటిసారి పూశాయి. చిలకమ్మక్క వచ్చి, ముల్లుతో పుప్పొడి తీసి పువ్వుకీ పువ్వుకీ అంటించింది. ఏడు కాయలు నిలబడ్డాయి. పుష్య పున్నమికి పసుపు తిరుగుతాయి, అప్పుడొచ్చి కోసుకుంటానంది. పచ్చివి కోస్తే విత్తనం మొలవదు. ఆవిడకు డెబ్బై రెండేళ్ళు. ఇంకోసారి పూసేదాకా ఉంటానో లేదో అని తనే అంటుంది.

ఇది రాస్తుంటే మా ఆవిడ నాంచారమ్మ తొంగి చూసి, "పొద్దున్నే లేచి చెట్లతో మాట్లాడే మొగుణ్ణిచ్చాడు దేవుడు. ఇంకా నయం, అవి జవాబు చెప్పట్లా" అంది.

పుష్య శుద్ధ చవితి
పొద్దుటి చలి: ఆరు డిగ్రీలు. మొక్కలు: ముప్పై ఒకటి. కాయలు: ఏడు.

ఆరు డిగ్రీలు! మా ఊళ్ళో పుట్టినవాడెవడూ ఈ అంకె చూసి ఎరగడు. జనం వీధిలోకొచ్చి నోట్లోంచి ఆవిరి వదిలి ఒకరికొకరు చూపించుకున్నారు. పంపులూ గొట్టాలూ చూసే మస్తాన్‌వలి నిజంగానే బెదిరిపోయి నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, నోట్లోంచి పొగొస్తంది. లోపలేమన్నా కాలతందంటావా?"

"నీ కడుపులో కాలేది ఆకలే గానీ పోయి అన్నం తిను" అన్నాను. నాకూ లోపల్లోపల భయంగానే ఉంది.

రేపు ఒక డిగ్రీకి పడిపోతుందని వాతావరణ పలక చెప్పింది. మొక్కలకు ఇబ్బంది వస్తుంటే నా చేతులు ఊరుకుంటాయా? అటక మీది పాత గోనెపట్టాలన్నీ దింపాను. మా ఊళ్ళో ఒక మనిషిని బాగా చూసుకోవడమంటే తడి గోనె కట్టడమే. బాలింతకు తడి గోనె, జ్వరమొచ్చినవాడికి తడి గోనె, కొత్త కోడలు గుమ్మం దిగుతుంటే ఎదురుగా తడి గోనె. సాయంత్రం వాగు నీళ్ళలో బాగా నానబెట్టి, ఆకులకు అంటుకునేలా చుట్టబెట్టి, పైన ఇంకో రెండు బిందెలు పోశాను. గోనెలు రెండు చెట్లకే సరిపోయాయి. మిగిలిన మూడు చెట్లకు చేయలేకపోయానే అని చాలా బాధపడ్డాను.

పుష్య శుద్ధ సప్తమి
పొద్దుటి చలి: మూడు డిగ్రీలు. మొక్కలు: ఇరవై రెండు. కాయలు: నాలుగు.

రెండు రోజులు రాయలేదు. రాయడానికి మొహం చెల్లలేదు.

పంచమి పొద్దున వెళ్ళేసరికి గోనెలు చెక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. తట్టితే టకటకమన్నాయి. నా తెలివి తగలెయ్య, నీళ్ళు కారిపోకుండా నిలబడ్డాయిలే అని సంతోషించాను! ఎండెక్కాక విప్పితే ఆకులు ఉడికిన తోటకూరలా వేలాడాయి. ఈరోజుకి నల్లబడ్డాయి. తొమ్మిది మొక్కలు, మూడు కాయలు పోయాయి. గోనెలు చాలక నేను వదిలేసిన మూడు చెట్ల మీద మాత్రం ఆకు చివరలు మాడడం తప్ప ఇంకేం కాలేదు.

నాంచారమ్మ ఆ నల్లటి ఆకుల్ని ఒక్కొక్కటే తుంచి ఒళ్ళో వేసుకుంది. ఆ తర్వాత మొదలుపెట్టింది.

"చేతిలో నీళ్ళుంటే చాలు, లోకాన్ని ఉద్ధరిస్తావుగా! ఒక్కమాట చిలకమ్మక్కనడిగితే నీ సొమ్మేం పోయింది?"

"తెలుసనుకున్నానే."

"తెలుసనుకునేవాళ్ళతోనే వచ్చింది ఈ చావంతా."

చిలకమ్మక్కకు ఫోను చేశాను. సముద్రం ఒడ్డున విత్తనాల ఇంట్లో ఉందావిడ. జరిగింది జరిగినట్టు చెప్పాను. 

"తడిపినావా?"

"తడిపానక్కా."

"సలిలో తడి గుడ్డ కప్పినావా? ఎవులైనా అలగ సేస్తారేటి బావూ?"

"మా ఊళ్ళో మంచి జరగాలంటే తడుపుతారక్కా."

ఆవిడ అరిచి తిడితే తేలికగా ఉండేది. తిట్టలేదు, ఒక్కొక్కటే చెప్పింది. తడి ఆరుతూ ఆరుతూ ఉన్న చలిని ఇంకా కిందికి దించేస్తుందట. ఇక చుక్క నీళ్ళు చూపించొద్దు. బెరడు పొడిగా ఉండాలి. పొడి గుడ్డ కప్పాలి, అదీ ఆకుకు తగలకుండా కర్రల మీద, నేలదాకా దింపాలి. పగలు తీసి ఎండ తగలనివ్వాలి. "అదీ సాలదు. నెమ్మదిగా కాలే దుంగ సెట్టు కిందన పెట్టాల. మా కొండమీద అలగే సేసినాం."

నిప్పా? అరవై ఏళ్ళు ఎండిన గడ్డి మధ్య బతికిన ఊరు మాది. ఆరుబయట నిప్పు పెట్టినవాణ్ణి వెలివేసిన ఊరు. అగ్గిపెట్టె ఎలా ఉంటుందో సగం మందికి తెలియదు. పోనీ కరెంటు పెడదామంటే, తెర వచ్చాక కరెంటు తీసే సౌర పలకలకు ఎండ చాలక వంటకూ నీళ్ళకూ మాత్రమే వస్తోంది. ఏకాదశి నుంచి పున్నమి దాకా సున్నా కంటే కిందికి పోతుందని వాతావరణ పలక చెబుతోంది. చిలకమ్మక్క బయల్దేరుతోంది. దారంతా మంచట, ఎప్పటికి చేరుతుందో తెలియదు.

పుష్య శుద్ధ నవమి
పొద్దుటి చలి: రెండు డిగ్రీలు. మొక్కలు: ఇరవై రెండు. కాయలు: నాలుగు.

మా ఊరిని ఇవాళ నోరారా మెచ్చుకోవాలనిపిస్తోంది. పొడి గుడ్డలు కావాలని నాంచారమ్మ ఒక్క వీధిలో చెప్పింది, నాలుగు వీధులూ కదిలాయి. దుప్పట్లు, పరదాలు, పంచెలు, చీరలు వచ్చిపడ్డాయి. మస్తాను వాళ్ళమ్మ పెట్టె అడుగు నుంచి తన పెళ్ళినాటి ఎర్రచీర తీసి, "కట్టుకునే ఆడోళ్ళు ఎవురున్నార్లే ఇంట్లో, చెట్టుకే కప్పు" అని ఇచ్చింది. వెదురు బద్దలు వంచి గుడారాలు కట్టాం. నల్లబడిన మొక్కల గురించి ఎవరూ నన్ను అడగలేదు, ఎత్తిచూపలేదు. ఆ మర్యాదకు నేను చచ్చేదాకా రుణపడి ఉంటాను.

అయినా గుడారం లోపల బయటికంటే రెండు డిగ్రీలే ఎక్కువ. రచ్చబండ దగ్గర అందరం కూర్చున్నప్పుడు మస్తాను లేచి, చెప్పనా మాననా అన్నట్టు చెప్పాడు.

"పాతర అడుగున ఎప్పుడూ వెచ్చగానే ఉంటదిగా. అప్పట్లో గాలి కోసం వేసిన ఊపిరి గొట్టాలు వాగు గట్టు దాకా వచ్చి ఆగినయ్. ఇంకో పది బారలు కలిపితే చెట్ల కిందకొస్తయ్. లోపల సైకిల్ పంకాలు తొక్కితే వేడి గాలి పైకొస్తది."

పైకొచ్చిన రోజే పాతర గుమ్మానికి రాళ్ళు పేర్చి, మట్టి కప్పి, మళ్ళీ ఎప్పుడూ దిగబోమని ఊరంతా ఒట్టేసుకున్నాం. ఆ చీకట్లో పుట్టి ఆ చీకట్లోనే పోయినవాళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు. నాంచారమ్మ అక్కడే పుట్టింది. వాళ్ళమ్మ తెర కట్టడానికి మూడు నెలల ముందు అక్కడే పోయింది, ఒక్కసారన్నా పైకెళ్ళి కూర్చోవాలని అడుగుతూ. పైకొచ్చిన ఐదేళ్ళలో మా ఆవిడ ఆ క్వారీ వైపు మొహం తిప్పలేదు.

ఒట్టు తప్పడం అరిష్టమని ఒకరన్నారు, నాలుగు కాయల కోసమా అని ఇంకొకరన్నారు. నేను నోరెత్తలేదు. తొమ్మిదింటిని చంపినవాడికి మాట్లాడే హక్కేముంది? నాంచారమ్మ మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. నేను ఇల్లు చేరేసరికి అటు తిరిగి పడుకుంది.

పుష్య శుద్ధ దశమి
పొద్దుటి చలి: ఒక డిగ్రీ. మొక్కలు: ఇరవై రెండు. కాయలు: నాలుగు.

లేచేసరికి పక్క ఖాళీ. పెరట్లో లేదు, వాగు దగ్గర లేదు. క్వారీ వైపు నుంచి రాయి దొర్లిన చప్పుడు వస్తే పరుగెత్తాను. గుమ్మం ముందు మట్టంతా తవ్విపోసి, ఒంటరిగా రాళ్ళు లాగుతోంది మా ఆవిడ. చేతులు గీసుకుపోయి రక్తం కారుతోంది.

"ఏందే ఇది? నీకేమన్నా పిచ్చి పట్టిందా?"

"నువ్వు చేసిన పనికి ఆ ముసలామె వచ్చి ఏడిస్తే నేను చూళ్ళేను. పట్టు, అటు పక్క పట్టు."

"మీ అమ్మ..."

"మా అమ్మే ఉంటే నాకంటే ముందొచ్చేది. మాట్లాడతా నిలబడతావేంది, రాయి పట్టు!"

పట్టాను. ఏడుస్తూనే పట్టాను, దాచుకోవడం దేనికి. మూడో రాయికి మస్తాను వచ్చాడు, పదో రాయికి పాతికమంది అయ్యారు. నిన్న అరిష్టమన్న పెద్దమనిషి గునపం తీసుకొచ్చాడు. గుమ్మం తెరుచుకోగానే లోపలి గాలి మా మొహాలకు తగిలింది. ఆ గాలి వాసనకు అందరం ఒక అడుగు వెనక్కి వేశాం. తర్వాత దిగాం. అడుగున ఇరవై ఏడు డిగ్రీలుంది.

పుష్య శుద్ధ ఏకాదశి
పొద్దుటి చలి: సున్నాకు ఒకటి కింద. గుడారాల్లో: తొమ్మిది. మొక్కలు: ఇరవై రెండు. కాయలు: నాలుగు.

గొట్టాలు పని చేశాయి! లోపల సైకిల్ పంకాలను వంతులవారీగా తొక్కాం. గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టినా గుడారాల్లో ఒక్క ఆకు వాడలేదు. మస్తాన్ని కౌగిలించుకుంటే "వదులన్నా, ఊపిరాడట్లా" అని గింజుకున్నాడు.

సంతోషం మధ్యాహ్నం దాకానే. పాతర అడుగున వేడి ఇరవై రెండుకు పడిపోయింది. బయటి చల్లగాలి లోపలికి దిగుతోంది, రాయి అంత తొందరగా వేడెక్కదు. ఇలా ఇంకో రెండు రోజులు తొక్కితే పైకి పంపేది చలిగాలే అని మస్తాను లెక్క తేల్చాడు.

"మరి అప్పట్లో ముప్పై ఆరు ఎట్టా ఉండేది?" అంది నాంచారమ్మ.

"అప్పుడు మనం ఉన్నాంగా వదినా. రెండొందలమంది ఒంటివేడి."

నిజమే. పాతరలో మాకు ఎండకంటే పెద్ద శత్రువు మా ఒంటివేడే. మనిషికీ మనిషికీ మూరెడు ఎడం ఉండి తీరాలి. మొగుడూ పెళ్ళాలైనా సరే, తల్లీ పిల్లలైనా సరే, దగ్గర జరిగితే తిట్లే. ఎవరన్నా చనిపోతే, ఏడుస్తూనే ఆ మనిషి వేడి తగ్గిందనుకున్న పాపిష్టి రోజులవి. నేనూ అనుకున్నాను, మా అత్త పోయినప్పుడు. ఈ మాట నాంచారమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. ఇక్కడ చదివితే చదవనీ.

ఆమె కొంగు బిగించింది. "అయితే ఇంకేంది? దిగి కూర్చుందాం. చచ్చిన వేడి పనికొస్తంటే వద్దంటామా?"

పుష్య శుద్ధ త్రయోదశి
పొద్దుటి చలి: సున్నాకు మూడు కింద. గుడారాల్లో: పదకొండు. మొక్కలు: ఇరవై రెండు. కాయలు: నాలుగు. పాతరలో మనుషులు: రెండు వందల ఆరు.

వస్తారా అనుకున్నాను. పొద్దు వాలేసరికి చాపలూ అన్నం గిన్నెలూ పట్టుకుని వరసగా దిగారు. కాళ్ళు లేని పెద్దాయన్ను కుర్చీతో సహా దింపారు. మొదటి రోజు అందరూ అలవాటు కొద్దీ మూరెడు ఎడంతో కూర్చుంటే నాంచారమ్మ మధ్యలో నిలబడి కేకలేసింది.

"జరగండయ్యా దగ్గరికి! గొట్టం నోటి కింద కూర్చోండి. ఇంకా ఎడం ఎవరికోసం?"

నలభై ఏళ్ళ సంసారంలో ఆ పాతరలో నలుగురి మధ్య నా భుజానికి ఆమె భుజం తగలడం ఇదే మొదలు. ఇద్దరం మనవలున్నవాళ్ళం, సిగ్గుపడ్డాం. చుట్టూ అందరిదీ అదే అవస్థ. ముందు కాసేపు గుక్కపట్టి ఏడ్చినవాళ్ళున్నారు. ఫలానా మూల మా నాన్న కూర్చునేవాడు అని గోడ తడిమినవాళ్ళున్నారు. తర్వాత ఎవరో పొడుపుకథ వేశారు, ఎవరో గారెలు పంచారు, ఎవరో గురక పెట్టారని నవ్వారు. పంకాలు ఆగకుండా తిరిగాయి. ఇంతమంది ఊపిరిలో చెమ్మ ఉంటుందని మస్తాను గొట్టాల నోటికి సున్నపు సంచులు కట్టాడు. బెరడు తడవలేదు.

తెల్లవారి పైకొచ్చి గుడారాలు ఎత్తి చూశాను. నాలుగు కాయల్లో రెండింటికి తొడిమ దగ్గర పసుపు రంగు వచ్చింది. దేవుడికి, తెరకు, మస్తానుకు, మా ఆవిడకు, అందరికీ కలిపి ఒకే దణ్ణం పెట్టాను.

పుష్య శుద్ధ చతుర్దశి
పొద్దుటి చలి: సున్నాకు మూడు కింద. గుడారాల్లో: పది. మొక్కలు: ఇరవై రెండు. కాయలు: నాలుగు.

చిలకమ్మక్క నిన్న పొద్దుగూకే వేళ వచ్చింది. బస్సు దిగి ఊళ్ళోకొస్తే ఇళ్ళన్నీ తలుపులు దగ్గరేసి ఉన్నాయట, పలకరించే దిక్కు లేదట. వాగు గట్టున వేపచెట్లు చీరలు కట్టుకుని నిలబడి ఉన్నాయట. గుడారం ఎత్తి, కాయలు తడిమి, కింద గొట్టంలోంచి వస్తున్న గాలికి చేయి పెట్టి, గొట్టం వెంటే నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. కొండమీద పుట్టిన మనిషి, జన్మలో నేల కిందికి దిగి ఎరగదు. గోడ పట్టుకుని మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగింది. అడుగున మమ్మల్నందరినీ చూసి అక్కడే నిలబడిపోయింది.

నేను లేచి వెళ్ళి కాళ్ళు పట్టుకోబోయాను. "తొమ్మిదింటిని చంపానక్కా" అన్నాను.

ఆవిడ నా మాట విన్నట్టు లేదు. "మీరు మళ్ళీ దిగినారా?" అంది. "ఇంకెప్పుడూ దిగబోమని ఒట్టేసుకున్నారని విన్నాను."

"దిగాం" అంది నాంచారమ్మ.

"ఎందుకు?"

"నువ్వు కొండ దిగొచ్చావుగా, మా చల్లదనం కోసం."

చిలకమ్మక్క గోడకు ఆనుకుంది. ఆవిడ మాట చాలా సన్నగా వచ్చింది, కానీ వెనక వరసకు కూడా వినబడింది.

"నాను అవి బతుకుతాయని ఇక్కడ ఒగ్గలేదు సెల్లీ. ఈ రాతినేల మీద బదనిక బతకదని నాకు తెలుసు. మీ కళ్ళముందర ఒక్కోటీ సావాల, మీరు సూడాల, మా కొండ ఎలగ సచ్చిందో మీకు తెలవాల. అందుకు ఒగ్గినాను. ఏడాదికోపాలి నాను వచ్చింది అవెన్ని సచ్చినాయో సూడ్డానికే. అవి పూసినప్పుడు ఏడుపొచ్చింది నాకు."

ఇన్నాళ్ళూ ఆవిడ మమ్మల్ని నమ్మి మొక్కలు ఇచ్చిందనుకుని మురిసిపోయాను.  కోపం రాలేదు, అదీ నిజం. అంత కోపంలోనూ నాకు ఫోనులో ఒక్కొక్కటే విడమరిచి చెప్పిన మనిషి కదా అనిపించింది.

నాంచారమ్మ లేచింది. ఆమె నోటికి భయపడి నేను అడ్డం వెళ్ళబోయాను. ఆమె నన్ను పక్కకు తోసి, చిలకమ్మక్క చేతిలో సంచి తీసుకుని కింద పెట్టింది.

"చచ్చేది చూసే ఓపిక మాకెక్కడిదక్కా, చూసీ చూసీ ఉన్నాం. అన్నం తిన్నావా?"

"లేదు."

"సర్దుకోండే అమ్మాయిలూ, అక్కకు చోటివ్వండి. మస్తానూ, ఆ గిన్నె ఇటు జరుపు."

చిలకమ్మక్క ముందు బిగుసుకుని కూర్చుంది. రెండు ముద్దలు తిన్నాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాంచారమ్మ వీపు నిమురుతూ, ఒక పక్క నన్ను పంకా తొక్కవయ్యా అని కేకలేస్తూనే ఉంది. నేను తొక్కాను.

పుష్య పున్నమి
పొద్దుటి చలి: సున్నా. గుడారాల్లో: పన్నెండు. మొక్కలు: ఇరవై రెండు. కాయలు: నాలుగు, నాలుగూ పసుపు. పాతరలో మనుషులు: రెండు వందల ఏడు.

చిలకమ్మక్క మా ఆవిడ భుజం మీద తల పెట్టుకుని ఇంకా నిద్రపోతోంది. లేచాక కోస్తాం.